ఇసుకకి మైల లేదు

కొమ్మలంక బడిలో ఒకటో తరగతికి గది లేదు. ఇసుక ఉంది.

ఉన్న ఒక్క గదిలో రెండు, మూడు, నాలుగు తరగతులు కూర్చునేవి. వాటి మధ్య హెడ్మాస్టరు జగన్నాథంగారు, ఆయన పక్కన ఆయన పొడుం డబ్బా. ఒకటో తరగతి మాత్రం వసారాలో. వసారా కొసన రెండు చాపల మేర ఇసుక పరిచి ఉండేది. ఇసుకకి గోడవైపున పద్ధెనిమిది మంది పిల్లలు. ఎదురుగా, మెట్టు మీద, పంతులమ్మ దయామణి. దయామణికి వెనకగా, వాకిట్లో పీట వేసుకుని, నీళ్ళచెంబు పక్కన పెట్టుకుని శారదాంబగారు.

శారదాంబగారు బడి ఉద్యోగి కారు. ఆవిడకి జీతం లేదు, అందుకని సెలవూ లేదు. మనవరాలు హైమవతిని బడిలో దింపడానికి వచ్చి, పంతులమ్మ పిల్లల్ని ముట్టుకోకుండా చూడ్డానికి ఉండిపోయేవారు. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు. అప్పజెప్పకుండా చేసే పనులే మనుషులు శ్రద్ధగా చేస్తారు.

దయామణి బందరులో ట్రెయినింగయిన పిల్ల. మాల క్రైస్తవుల ఇంటి పిల్ల. కొమ్మలంకలో ఆడపిల్లలకి ఆడపంతులు లేకపోతే ఒకటో తరగతి ఎత్తేస్తామని బోర్డువారు రాసినప్పుడు, ఈ దివిసీమ మూలకి రావడానికి ఒప్పుకున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ ఒప్పుకుందన్న సంగతి ఊరికి తోచలేదు. తామే ఒప్పుకున్నామనుకున్నారు.

ఏది అంటుతుంది, ఏది అంటదు అన్న విషయంలో శారదాంబగారి మాట హైకోర్టు తీర్పు. పలక అంటుతుంది. బలపం అంటుతుంది. పుస్తకానికి నీళ్ళు పోస్తే నానిపోతుంది గనక పంతులమ్మ దాన్ని అసలు తాకనే కూడదు. మాటకి మైల లేదు. ఉంటే ఎక్కాలు చెప్పించుకోవడం ఎలాగ? ఇసుకకీ లేదు. "కృష్ణలో ఏమేం కొట్టుకుపోవు? స్నానాలు మానేశామా?" అన్నారావిడ.

ఇసుక తీర్పు రావడానికి ముందు నెల్లాళ్ళు బడి పలకల మీదే నడిచింది. దయామణి ఒరవడి పెట్టిన పలక పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళేవారు. గుమ్మంలోనే చెంబెడు నీళ్ళు పడేవి. అ ఆ ఇ ఈ లు చూరు కింద కాలువ కట్టి దొడ్లోకి పోయేవి. తెల్లారి పద్ధెనిమిది పలకలూ కడిగిన ముత్యాల్లా బడికి వచ్చేవి.

పక్కన కూర్చోకూడదు, చెయ్యి పట్టుకుని దిద్దించకూడదు. ఇక మిగిలింది ఎదురు. పిల్లలకి తిన్నగా కనపడాలంటే తనకి తలకిందులుగా రాయాలి. దయామణి తను అద్దెకున్న హన్నా ఇంటి వాకిట్లో కోళ్ళని అదిలిస్తూ, పుల్లతో నేల మీద రాసి రాసి, పదిహేను రోజుల్లో యాభైఆరక్షరాలూ తలకిందులుగా నేర్చుకుంది. పిల్లలు కూడా ఆవిడకి చూపించేటప్పుడు ఆవిడ వైపు తిప్పి రాసేవారు. ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళకి చూపించడమంటే అలాగే కాబోలనుకున్నారు.

ఆ సోమవారం పొద్దున్న పాఠం 'ద'. అక్షరాలన్నీ ఒక చుట్టు అయ్యాయి, సరిగ్గా రానివాటిని మళ్ళీ దిద్దుతున్నారు. మాఘమాసపు చలి. పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని, పిలిచినప్పుడే బయటికి తీస్తున్నారు.

"ద పొట్టలో ఒక నొక్కు ఉంటుంది చూశారా? సొట్టపడిన చెంబులాగ," అంది దయామణి, కొబ్బరి ఈనెతో రాస్తూ.

పద్ధెనిమిది చెంబులకీ సొట్టలు పడ్డాయి, ఒక్క హైమవతిది తప్ప. ఆ పిల్ల చెంబు గుండ్రంగా, కొత్తగా, అప్పుడే కంచరివాడి దగ్గర్నుంచి తెచ్చినట్టుంది.

"మళ్ళీ రాయమ్మా. ఇక్కడ ఆగి, లోపలికి విరవాలి."

హైమవతి ఆగింది. విరవలేదు. చెయ్యి పట్టుకుని అక్కడ ఒక్కసారి విరిస్తే చాలు, జన్మలో మర్చిపోదు. ట్రెయినింగులో మొదటి వారం పాఠం అది. దయామణి వేళ్ళు వాటంతటవే ముందుకు కదిలాయి. వెనకాల చెంబు కణేల్మంది. శారదాంబగారు దాన్ని ఎత్తి, మళ్ళీ కింద పెట్టారంతే.

దయామణి వేళ్ళు వెనక్కి తీసుకుని ఈనె తుడుచుకుంది.

"ఒసే హైమా, తలకట్టు కిందికి రావాలే," అన్నారు శారదాంబగారు.

"పైకండీ. తలకట్టు పైనుంటుంది," అంది దయామణి.

"ఏమోనే పంతులమ్మా, నీ చదువు నీది."

దయామణినీ ఆవిడ 'ఒసే పంతులమ్మా' అనే పిలిచేవారు. ఒసే అన్నది కులానికి, పంతులమ్మ అన్నది చదువుకి. ఎవరి వాటా వాళ్ళకి. మళ్ళీ ఆవిడ పెదాలు కదలడం మొదలైంది. బడి జరుగుతున్నంతసేపూ ఆవిడ ఏదో జపం చేసుకుంటూనే ఉంటారు. ఈ మధ్య ఎండ సాకు చెప్పి పీట కూడా మెట్టు దగ్గరికి జరుపుకుంటున్నారు.

"పంతులమ్మగారూ, మీవైపు తిప్పి రాయనా?" అంది హైమవతి.

"రాయి."

హైమవతి ఇసుక మీదికి వంగి, దయామణి మొహం ఒకసారి చూసి, చేతిని దూరంగా చాచి రాసింది. ఇసుకలో, దయామణికి తిన్నగా, పొట్టలో నొక్కుతో సహా ద కూర్చుంది.

ఆ పిల్ల ఇన్నాళ్ళూ అక్షరం చూడటం లేదు, చెయ్యి చూస్తోంది. దయామణి చెయ్యి ఎలా తిరిగితే అలా తిప్పింది. దయామణికి నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఇలాగైతే ఈ పిల్లకి అక్షరం తలకిందులుగానే పాతుకుపోతుందని తోచి నవ్వు ఆగింది.

జగన్నాథంగారు కార్డు ముక్క పట్టుకుని వసారాలోకి వచ్చారు.

"అమ్మాయ్ దయామణీ, ఇన్స్పెక్టరు పూర్ణచంద్రరావుగారు గురువారం దయచేస్తున్నారట."

జగన్నాథంగారు మంచివారు. ఆయన దయామణిని ఒక్కనాడూ ఒసే అనలేదు. ఆవిడ వసారా దిగి వెళ్ళాక మెట్టు మీద నీళ్ళు చల్లించేటప్పుడు కూడా, ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగేవారు.

"చాలా సంతోషమండి."

"సంతోషం కాదు, కంగారు. ఆయన అస్పృశ్యత మీద బందరులో ఉపన్యాసమిస్తే ముందు వరసలో వాళ్ళు ఏడ్చారట. వెనక వరస వాళ్ళకి వినపడలేదనుకో. అంచేత గురువారం ఒక్కరోజు నువ్వు లోపల కూర్చోవాలి. కుర్చీలో."

"మరి పిల్లలండీ?"

"పిల్లలూ లోపలే. సాయంత్రం అందరికీ తలంట్లు. ఊరు ఒప్పుకుంది. ఏమమ్మా శారదాంబగారూ?"

"వేణ్ణీళ్ళయితేనే. చన్నీళ్ళు పోస్తే పిల్ల పడకేస్తుంది," అన్నారు శారదాంబగారు.

"మరి కుర్చీకండీ?" అంది దయామణి. ఆ మాటలో ఏమన్నా ఉందా అని జగన్నాథంగారు ఆవిడ మొహం చూశారు. ఏమీ కనిపించలేదు.

"కుర్చీ తరవాత నువ్వే పట్టుకుపోదువుగాని." ఆయన గొంతు తగ్గించారు. "ఆయన బాగుందని రాస్తే ఈ బళ్ళో నీ ఉద్యోగం ఖాయం. లేదా, ఎక్కడికి తోస్తారో దేవుడికెరుక. పిల్లలకి ఎంతవరకు వచ్చింది?"

"అక్షరాలయిపోవచ్చాయండి. ఇంకో పదిరోజుల్లో గుణింతాలు ఎత్తుకుంటాను. వేసవి సెలవులకి మాటలు చదివేస్తారు."

"చదువుతార్లే, చదువుతార్లే. ఇసుక సంగతి మాత్రం ఎవరూ ఎత్తకుండా చూడు."

*

"కుర్చీ ఇస్తారంటనా? ఏ కాలు ఇరిగిందంట?" అంది హన్నా.

కాలవ గట్టున ఇద్దరూ ఇసుక తట్టలు దించుకున్నారు. మంగళవారం సాయంత్రం. దివిసీమది నల్లరేగడి, ఇసుక కావాలంటే ఏటి ఒడ్డు నించి మైలున్నర మొయ్యాలి. వారానికి రెండు తట్టలు. పిల్లలు సగం ఇసుక కాళ్ళకంటించుకుని ఇంటికి మోసుకుపోతారు.

"విరిగితే విరిగింది పిన్నీ. నాకు కావాల్సింది కుర్చీ కాదు."

"ఏం కావాలంట?"

దయామణి తలగుడ్డ విప్పి దులుపుకుంది. "ఇంకో రెండున్నర నెలలు."

"ఆళ్ళు నిన్ను మెట్టుమీద కూకోబెట్టి, నువ్వు లేచినాక నీళ్ళు కొడతన్నారు. ఆళ్ళకోసం నా నెత్తిన ఇసక మోపిస్తన్నావు. రెండున్నర నెల్లలో ఏం ఒరుగుద్దే?"

"గుణింతాలు వస్తాయి."

"వస్తే?"

"పలక కడిగితే పోదు పిన్నీ అప్పుడు," అంది దయామణి. "ఉత్త అక్షరాలైతే మర్చిపోతారు. మాట చదివినవాళ్ళు మర్చిపోరు."

హన్నా ఆవిడ మొహంలోకి చూసి, తట్ట మళ్ళీ ఎత్తుకుంది. ఇక ఆ పూట ఆవిడ నడక కొంచెం వేగంగానే సాగింది.

బుధవారం జగన్నాథంగారు గదికి సున్నం కొట్టించారు. సున్నం ఆరేలోగా పిల్లలకి నేర్పాల్సినవి నేర్పారు. దొరగారొస్తే లేవాలి. చెప్పమంటేనే చెప్పాలి. ముక్కు ఎగబీల్చకూడదు. ఇసుక, మెట్టు, చెంబు అన్న మూడు మాటలూ రేపు ఒక్కరోజు నోటంట రాకూడదు.

"ఒకసారి పిల్లల్ని లోపల కూర్చోబెట్టి చూసుకుంటే బాగుంటుందేమోనండి. ఎప్పుడూ కూర్చోలేదు కదా," అంది దయామణి.

"ఇవాళ కూర్చోబెడితే ఇవాళా తలంట్లే. వరసగా రెండు రోజులంటే కుంకుడుకాయలెక్కడివి?" అన్నారు జగన్నాథంగారు.

అది న్యాయమైన మాటే. కుంకుడుకాయల కోసం అభ్యాసం మానుకున్నారు.

*

కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి. ఒకటి పొట్టిది. దయామణి చివర కూర్చుని, పాదంతో నేల తొక్కి పట్టింది. ఎదురుగా ఒకటో తరగతి, ఒళ్ళో పలకలు పెట్టుకుని, కొత్త చాప మీద ఇరుక్కుని కూర్చుని, ఇసుక ఎక్కడుందా అని వెతుక్కుంటోంది. కిటికీ అవతల వాకిట్లో శారదాంబగారి పీట ఉంది. చెంబు మాత్రం కొంగు చాటున ఉంది.

పూర్ణచంద్రరావుగారు సన్నగా, తెల్లగా, ఖద్దరు ఉత్తరీయంతో ఉన్నారు. గుమ్మంలోనే ఆగి కుర్చీలో ఉన్న దయామణిని చూశారు. లేవబోతే చేత్తో వారించారు.

"కూర్చోవమ్మా, కూర్చో. జగన్నాథంగారూ, నా కడుపు నిండిందండీ! ఇంత మారుమూల ఇంత ఔదార్యమా!"

"తమ ఆశీర్వాదం," అన్నారు జగన్నాథంగారు, ఎంతో కొంత నిజాయితీగానే.

ఆయన హెడ్మాస్టరుగారి కుర్చీలో కూర్చున్నాక నాలుగో తరగతి నదులు చెప్పింది. మూడో తరగతి పద్యం చదివింది. రెండో తరగతి చెప్పాల్సింది మర్చిపోయి ముక్కు ఎగబీల్చింది. ఇన్స్పెక్టరుగారు ఒకటో తరగతి వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆ చిన్నదాని చెయ్యి పట్టుకుని ఒక అక్షరం దిద్దించు. అయ్యగారు చూస్తారు," అన్నారు జగన్నాథంగారు ఉత్సాహం పట్టలేక. ఎలాగూ తలంట్లున్నాయి.

దయామణి కుర్చీ దిగింది. హైమవతి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడు నెలలుగా ఈ పిల్ల మొహమే చూసింది. పిలక జడ, మెడ మీది పుట్టుమచ్చ ఇప్పుడే చూడటం. చెయ్యి చాచి ఆ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. బలపం పట్టుకున్న మూడు వేళ్ళూ పిచిక కాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి. హైమవతి కిటికీ వైపు చూసింది. శారదాంబగారు మొహం అటు తిప్పుకున్నారు. అప్పుడు ఆ వేళ్ళు వదులయ్యాయి.

"ద," అంది దయామణి ఆ పిల్ల చెవి దగ్గర.

రెండు చేతులూ కలిసి చుట్టు తిరిగాయి. అక్కడ ఆగాయి. లోపలికి విరిచాయి. అంతే పని. తలకట్టు పెట్టాక కూడా దయామణి చెయ్యి వెంటనే రాలేదు. ఇంకోసారి అదే అక్షరం మీద తిప్పింది. అక్కర్లేకపోయినా మూడోసారీ తిప్పింది.

"భేష్!" అన్నారు పూర్ణచంద్రరావుగారు. "ఏదీ పాపా, ఇప్పుడు నువ్వొక్కదానివీ రాసి నాకు చూపించు."

ఆయన 'రాయి' అని ఊరుకుంటే సరిపోయేది. 'చూపించు' అన్నారు.

హైమవతి పలక పట్టుకుని లేచింది. ఆయన కుర్చీకి మూడడుగుల దూరంలో ఆగి, పలక నేలమీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆయన మొహం ఒకసారి చూసి, చెయ్యి దూరంగా చాచి, తనకి తలకిందులుగా, ఆయనకి తిన్నగా, పొట్టలో నొక్కుతో ద రాసింది. రాసి, పలక వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది.

ఇన్స్పెక్టరుగారు నవ్వారు. "ఇదేం తమాషా! నీకు తలకిందులు కాలేదుటమ్మా?"

"మీకు తిన్నగానే ఉందిగాండీ."

"ఉందిలే. నా పక్కకి వచ్చి రాయరాదూ?"

"పక్కన కూర్చుంటే మైల."

"ఎవరికి? నాకా, నీకా?"

హైమవతి ఆలోచించింది. ఈ సందేహం ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు. "ఎవరికో ఒకళ్ళకి," అంది.

గదిలో పొడుం డబ్బా మూత పడిన చప్పుడైంది. హైమవతికి మెప్పొచ్చిందనుకుని తక్కిన పిల్లలు కూడా పలకలు పట్టుకుని లేచారు. చెప్పకుండానే ఆయన కుర్చీ చుట్టూ మూడడుగుల దూరంలో అర్ధచంద్రంలా కూర్చున్నారు. పద్ధెనిమిది పలకలు నేలమీద, పద్ధెనిమిది అక్షరాలు ఆయన వైపు తిరిగి. ఒక్కటీ తప్పు లేదు. వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నారు. ఆయన ఆ పలకల మధ్య కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుండిపోయారు.

"ఈవిడ రోజూ ఆ కుర్చీలోనేనా కూర్చోడం?" అన్నారు చివరికి.

"లేదండీ, ఇవాళ ఒక్కరోజే," అంది హైమవతి. జగన్నాథంగారు అనకూడదన్న మాటలు మూడు. కుర్చీ అందులో లేదు. "రేపట్నించి ఆ కుర్చీ పంతులమ్మగారిదే. మాకింక పనికిరాదు."

పూర్ణచంద్రరావుగారు కళ్ళజోడు తీసి ఖద్దరు కొంగుతో తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆయన ఏడుపు అబద్ధం కాదు. దయామణి దగ్గరనుంచే చూసింది.

"అమ్మా, నీకు ఇక్కడ చాలా కష్టంగా ఉందా? భయపడకుండా చెప్పు."

దయామణి కుర్చీ పట్టుకుని నిలబడింది. జగన్నాథంగారి మొహం, కిటికీలో శారదాంబగారి మొహం, నేలమీద పద్ధెనిమిది దలు.

"గుణింతాలు మొదలుపెట్టాలండి," అంది. "వేసవి దాకా ఇక్కడే ఉండనివ్వండి. పిల్లలకి బాగా వస్తోంది. కొంచెం ఇసుక ఎక్కువ కావాలి, అంతే. రెండు బళ్ళు తోలిస్తే చాలు."

"ఎంత ఓర్పమ్మా నీది!" అన్నారాయన. ఇసుక సంగతి ఆయనకి వినపడలేదు. "వద్దు. నీలాంటిది ఇలాంటిచోట ఉండకూడదు."

మొదటి వారంలో ఊరివాళ్ళు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు.

ఆయన బడి పుస్తకం తెప్పించుకుని అక్కడే రాశారు. రాసింది చదివి వినిపించారు కూడా. బోధనాపద్ధతి విపరీతము, పిల్లలు అక్షరములు తలక్రిందులుగా వ్రాయుచున్నారు, ఉపాధ్యాయిని శ్రద్ధాళువు, ఆమెను తనవారి మధ్య, గౌరవముగా పనిచేయగల చోటికి వెంటనే మార్చుట ఉచితము. సముద్రం ఒడ్డున మాలపల్లె పిల్లల కోసం సర్కారు పెట్టిన లేబరు బడిలో పంతులమ్మ చోటు ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఉద్యోగం ఖాయం.

"మరి ఒకటో తరగతి అండీ?" అన్నారు జగన్నాథంగారు.

"మూసేయండి. ఈ ఊరికి బుద్ధి రావాలి."

ఊరికి ఆ సాయంత్రం బుద్ధి రాలేదు గాని, స్నానాలైపోయాయి. దయామణి కుర్చీ నెత్తిన పెట్టుకుని వీధి వెంట నడుస్తుంటే ప్రతి దొడ్లోంచీ కట్టెల పొగ, కుంకుడు నురగ వాసన, కళ్ళు మండుతున్నాయని పిల్లల ఏడుపులు. హైమవతి వాళ్ళ దడి దగ్గర ఆవిడ నడక నెమ్మదించింది. అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు.

"కళ్ళు మూసుకో. ఏమే, నొక్కు వచ్చిందా?" శారదాంబగారి గొంతు.

"వచ్చింది బామ్మా. చెయ్యి పట్టుకుని రాయించారు. పంతులమ్మగారి చెయ్యి వెచ్చగా ఉంది."

తరవాత ఇంకో చెంబు పడింది.

*

ఆర్డరు శుక్రవారం వచ్చింది. బోర్డు కాగితాలు అంత తొందరగా కదలడం జగన్నాథంగారి సర్వీసులో అదే మొదలు. ఆయన తనే కాలవ దాకా వచ్చి, కాగితం గట్టుమీద పెట్టి, మీద చిన్న రాయి పెట్టి, పక్కకి నిలబడ్డారు.

"నా తప్పేం లేదమ్మాయ్."

"లేదండి," అంది దయామణి, రాయి తీసి పక్కన పెడుతూ.

శనివారం పొద్దున్న నాంచారయ్య పడవ. పెట్టె, పరుపుచుట్ట ఎక్కించారు. కుర్చీ హన్నాకే వదిలేసింది. అప్పటికే ఒక పెట్టకోడి దాని కింద గుడ్లు పెట్టడం మొదలెట్టింది. దానికి కుర్చీ ఎవరిదన్న పట్టింపు లేదు.

"పోనీలే, ఉద్యోగం ఖాయమైందిగా. ఇంక నీళ్ళు కొట్టేవోళ్ళుండరు," అంది హన్నా, ముక్కు చీదుకుంటూ.

"ఉండరు పిన్నీ."

పడవ కదలబోతుంటే ఊరి రేవులో శారదాంబగారు, చేతిలో చెంబు, పక్కన హైమవతి. నీళ్ళకి వచ్చినట్టే వచ్చారు. ఆ రేవులో నీళ్ళు ఆవిడ ఎన్నడూ పట్టుకెళ్ళరు.

"ఏమిటి, సోమవారం నించి బడి లేదుట?" అన్నారు గట్టుమీంచే, కాలవ మీదే కోపంగా.

"ఒకటో తరగతి లేదండి."

"మరి ఇది ఏం కావాలి?"

నాంచారయ్య గెడ తీసుకున్నాడు.

"పంతులమ్మగారూ, ఉండండి, చూపిస్తాను!" హైమవతి రేవు పక్కన, ఎవరి ఇంటి పనికో ఇసుక పడవ దింపిన చోట మిగిలిన ఇసుక మీద గొంతుక్కూర్చుంది. కాలవ వైపు మొహం పెట్టి, చెయ్యి దూరంగా చాచి, పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. పడవలోకి తిన్నగా కనిపించాయి. నాలుగు అక్షరాలు.

దయమణ.

యకి దీర్ఘం లేదు. ణకి గుడి లేదు. ఇంకా చెప్పలేదు కదా.

దయామణి పడవ అంచు పట్టుకుంది. గట్టుమీద హైమవతి వెనక నిలబడి శారదాంబగారు ఇసుక వైపు వంగి చూస్తున్నారు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఈసారి జపం పైకే వినిపించింది.

"ద... య... మ... ణ. ఇదేం మాటే?"

"పంతులమ్మగారి పేరు బామ్మా."

హైమవతి చదువుకున్న పిల్ల. శారదాంబగారు చదువుకోలేదు. ఏడు నెలలు దయామణి వెనక పీట వేసుకుని, చెంబు పక్కన పెట్టుకుని, దయామణి భుజం మీదుగా ఆ అక్షరాలు దయామణితోపాటు తలకిందులుగానే చూశారు. తిన్నగా ఉన్న అక్షరం ఆవిడకి ఒక్కటీ తెలియదు. తలకిందులదైతే యాభైఆరూ వచ్చు. తలకట్టు ఆవిడకి నిజంగానే కిందుంటుంది.

"పేరైతే దయామణి కదుటే? ఇది సగమే ఉందేం?" అన్నారు శారదాంబగారు. తరవాత తలెత్తి, "పంతులమ్మా, మిగతాదేదీ?" అన్నారు.

ముందు ఒసే లేదు. ఆవిడ మర్చిపోయారో, తీసేశారో.

నాంచారయ్య గెడ వేశాడు. పడవకీ గట్టుకీ మధ్య నీళ్ళు వెడల్పయ్యాయి.

"య మీద తలకట్టు చెరపండి!" దయామణి లేచి నిలబడి అరిచింది. "అక్కడ దీర్ఘం పెట్టాలి!"

"కూకోండమ్మా, పడవ ఊగుతంది," అన్నాడు నాంచారయ్య.

"దీర్ఘమంటే ఎలాగుంటుందే?" శారదాంబగారి కేక.

దయామణి చెయ్యెత్తింది. గాలిలో రాయబోయి ఆగింది. హైమవతికి తిన్నగా రాస్తే శారదాంబగారికి అర్థం కాదు. శారదాంబగారికి రాస్తే హైమవతికి తలకిందులు. ఏడు నెలల్లో రాని చిక్కు. ఒకసారి ఇలా రాసింది, ఒకసారి అలా రాసింది. లాకుల వైపు పడవ తిరుగుతోంది.

గట్టుమీద శారదాంబగారు చెంబు కింద పెట్టారు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా ఇసుక ముందు కూర్చున్నారు. కొంగు భుజం మీదికి దోపుకుని, కుడిచేతి వేలు చాచారు.

ఆ వేలు ఇసుకలో ఆనడం వరకు కనిపించింది. దీర్ఘం ఎటు లాగారో, రెల్లు అడ్డమొచ్చి దయామణికి తెలియలేదు.